"మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అంటే డబ్బు కట్టకండి

అమీర్‌పేట చుట్టుపక్కల కోర్సుతో పాటు నకిలీ ఎక్స్‌పీరియన్స్ కూడా అమ్మే కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్తున్న ఫ్రెషర్లు, అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి.

ప్యాకేజీలో ఇచ్చేది ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, కొన్ని నెలల పేస్లిప్పులు. ఆ పేస్లిప్పు ఒక్కటి దగ్గరగా చూడండి. జీతం ముప్పై ఐదు వేలని ఉంటుంది, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబర్) గడి మాత్రం ఖాళీ. తెలంగాణలో 20 వేలు దాటిన జీతంలో నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ కోత పడాలి, ఒక్కోసారి అదీ కనబడదు. హెచ్‌ఆర్‌లో కూర్చున్నవాళ్లకు ఈ చూపు చాలు.

అది దాటినా పీఎఫ్ దగ్గర దొరికిపోతారు. కొత్త కంపెనీ మీ 12 అంకెల యూఏఎన్‌తో సర్వీస్ హిస్టరీ అడుగుతుంది. పాస్‌బుక్‌లో ఏ నెల వాటా ఏ తేదీన జమైందో విడివిడిగా ఉంటుంది. 2022లో చేరినట్టు లెటర్ ఉండి, మొదటి జమ 2025లో పడితే ఇక చెప్పుకోవడానికేమీ ఉండదు. "చిన్న కంపెనీ, 20 మంది లేరు, అందుకే పీఎఫ్ లేదు" అని చెప్పమని కన్సల్టెన్సీవాళ్లు నేర్పిస్తారు. అప్పుడు కొత్త కంపెనీవాళ్లు జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, మీ పేరు మీద కోసిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ అడుగుతారు.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకోటి ఉంది. ఈ వెరిఫికేషన్ చాలాసార్లు జాయినయ్యాకే పూర్తవుతుంది. మూడో నెలలో తీసేస్తే, నిజంగా పనిచేసిన ఆ మూడు నెలలు యూఏఎన్‌లో ఉండిపోతాయి. రిలీవింగ్ లెటర్ రాదు. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ మూడు నెలల గురించే అడుగుతారు. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడితే భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ వర్తిస్తుంది. తయారుచేసింది కన్సల్టెన్సీయే అయినా అప్‌లోడ్ చేసింది మీరే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆ లెటర్లు ఏ కంపెనీకీ పంపకండి. రసీదు, యూపీఐ వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకుండా దాచుకోండి. ఒప్పుకున్న కోర్సు చెప్పకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

నిజమైన అనుభవం తెచ్చే నెమ్మదైన దారిలో మొదట చూడాల్సింది కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్. ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు ఏడాది అప్రెంటిస్‌షిప్, స్టైపెండ్, చివర్లో కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్ ఉంటాయి. సపోర్ట్, టెస్టింగ్ ఉద్యోగం తక్కువ జీతానికి వచ్చినా చేరండి. అక్కడ పడే మొదటి పీఎఫ్ జమ తేదీ మీది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు.