వీపు మీద 5.8 కిలోలు: జాన్ మ్యూర్ ట్రెయిల్‌లో 20 రోజులు

పర్మిట్ చేతికొచ్చిన సాయంత్రమే తమ్ముడు వంటింటి కాటా తెచ్చి హాలు మధ్యలో పెట్టాడు. "అక్కా, నీ సామానంతా ఇక్కడ పెట్టు. ఒక్కొక్కటీ తూచి రాసుకుందాం" అన్నాడు. అంతకుముందు ఏడాది మూడు రోజుల నడకకి నేను 17 కిలోల సంచి మోశాను. చివరి రోజు దిగుడులో మోకాళ్లు పట్టేసి, పక్కకి తిరిగి ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగాను. ఇప్పుడు నడవబోయేది 340 కిలోమీటర్లు. జాన్ మ్యూర్ ట్రెయిల్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో మొదలై, సియెరా నెవాడా కొండల వెంట దక్షిణంగా సాగి, 4,421 మీటర్ల మౌంట్ విట్నీ శిఖరం మీద ముగుస్తుంది. అక్కడి నుంచి రోడ్డుకి దిగడానికి ఇంకో 17 కిలోమీటర్లు. పాత సంచితో అది నావల్ల కాదని నాకు బాగా తెలుసు.

తిండి, నీళ్లు, గ్యాస్ తీసేసి మిగిలిన సామాను బరువుని బేస్ వెయిట్ అంటారు. అది 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అని నడిచేవాళ్ల లెక్క. నా పాత సామాను తూచితే 10 కిలోలు దాటింది. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని తూచాం. ఆ కాగితం చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. బరువు పెద్ద వస్తువుల్లోనే ఉందనుకున్నాను. తీరా చూస్తే "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న చిన్న చిన్నవన్నీ కలిపి రెండు కిలోలు ఉన్నాయి. రెండో టార్చి, మూడో జత బట్టలు, నిండు సీసాల్లో మందులు, గట్టి ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. వీటిని తీసేయడానికి పైసా ఖర్చు లేదు. కొత్త సామాను కొనాలనుకునేవాళ్లు దయచేసి ముందు ఈ పని చేయండి.

ఈ తూకాల పిచ్చి కొత్తదేం కాదు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ఆవిడ, మూడు వేల కిలోమీటర్లు పైబడిన అపలాచియన్ ట్రెయిల్‌ని ఒంటరిగా నడిచేసింది. చేత్తో కుట్టుకున్న గుడ్డ సంచి, కాన్వాస్ బూట్లు, వానకి ఒక షవర్ కర్టెన్, అంతే ఆవిడ సామాను. నడకలో ధైర్యం చాలనప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొచ్చేది.

మా ఎంపికలన్నిటినీ శాసించింది ఎలుగుబంటి డబ్బా. ఈ దారిలో చాలా చోట్ల తిండిని బేర్ క్యానిస్టర్‌లోనే, అంటే ఎలుగుబంటి తెరవలేని డబ్బాలోనే పెట్టాలన్నది నియమం. యోసెమిటీలో చెట్టుకి వేలాడదీస్తే ఒప్పుకోరు. మేం తీసుకున్న బేర్‌వాల్ట్ డబ్బా 1.16 కిలోలు, 11.5 లీటర్లు. ఇంచుమించు 22 సెంటీమీటర్ల వెడల్పు, 32 ఎత్తు ఉన్న గుండ్రటి గట్టి వస్తువు అది. కార్బన్ ఫైబర్‌వి కిలో లోపే ఉంటాయి, అద్దెకీ ఇస్తారు. ఒక్కసారి నడిచేవాళ్లకి అద్దె మంచి దారి.

సంచిని అన్నిటికంటే చివర కొనమని నేను చెప్పేది ఈ డబ్బా వల్లే. స్నేహితురాలి దగ్గర 450 గ్రాముల ఫ్రేమ్ లేని సంచి తీసుకుని, అందులో డబ్బా, తిండి పెట్టి ఒక రోజంతా నడిచి చూశాను. మొత్తం 11 కిలోలు. మధ్యాహ్నానికి డబ్బా అంచు వెన్నెముకకి ఒత్తుకుంది, బరువంతా భుజాల మీదే వేలాడింది. ఫ్రేమ్ లేనివి సుమారు 9 కిలోల దాకానే సుఖం. చివరికి ఫ్రేమ్, గట్టి నడుం పట్టీ ఉన్న 950 గ్రాముల సంచి తీసుకున్నాను. కాగితం మీద అర కిలో పెరిగింది. వీపు మీద మాత్రం బరువు తగ్గినట్టే ఉంది. మొదట సంచి కొని తర్వాత డబ్బా కొన్నవాళ్లని దారిలో ఇద్దరిని చూశాను, డబ్బాని సంచి పైన తాళ్లతో కట్టుకుని నడుస్తున్నారు.

టెంట్ మాది ఇద్దరిదీ ఒకటే. మేకులతో కలిపి కిలో, చెరి సగం అంటే 500 గ్రాములు. దానికి వేరే కర్రలుండవు, నడిచే ట్రెక్కింగ్ పోల్స్‌నే నిలబెడతాం. డైనీమా అనే పల్చటి, గట్టి బట్టతో చేసినవి ఇంకా తేలిక. ఆ బట్ట నీళ్లు పీల్చదు, తడిసినా సాగదు, కానీ రాపిడికి, ముల్లుకి తట్టుకోదు, ధర కూడా చాలా ఎక్కువ. సిలికాన్ పూసిన నైలాన్ తడిస్తే వదులై వేలాడుతుంది, రాత్రి లేచి తాళ్లు బిగించాలి. మేం సిలికాన్ పాలియెస్టర్ తీసుకున్నాం, అది అంతగా సాగదు. ఎవొల్యూషన్ లేక్ దగ్గర మధ్యాహ్నం మూడింటికి ఉరుములతో వడగళ్లు పడినప్పుడు దాని పని తెలిసింది. టెంట్‌కి ఏమీ కాలేదు. ఇబ్బందంతా మేకులతోనే. సియెరాలో నేలంతా గ్రానైట్, రెండంగుళాలు దిగగానే మేకు ఆగిపోతుంది. తాడుని చిన్న రాయికి చుట్టి, దాని మీద పెద్ద రాయి పెట్టడం ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి. వడగళ్లలో నేర్చుకోవడం కష్టం.

పడక గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే జనం ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. స్లీపింగ్ బ్యాగ్‌లో మన కింద నలిగిపోయిన ఈకలు వెచ్చదనం ఇవ్వవు. అందుకే అల్ట్రాలైట్ వాళ్లు వీపు భాగం తీసేసిన క్విల్ట్ వాడతారు, అంటే ఈకల బొంతే. నాది 680 గ్రాములు. తమ్ముడు అదే ఉష్ణోగ్రత రాసి ఉన్నదాన్ని ఇంకా తేలిగ్గా దొరికిందని సంబరంగా కొన్నాడు. చూసుకోని విషయం ఏమిటంటే, వాడిదాని మీద రాసింది లిమిట్ అంకె, నాదాని మీద ఉన్నది కంఫర్ట్ అంకె. కంఫర్ట్ అంటే ఒళ్లు వదులుగా పెట్టుకుని హాయిగా పడుకోగలిగేది. లిమిట్ అంటే ముడుచుకుని వణక్కుండా రాత్రి గడపగలిగేది. రెంటికీ మధ్య అయిదారు డిగ్రీల తేడా ఉంటుంది. ఆగస్టు నెలలో కూడా 3,500 మీటర్ల ఎత్తున ఉన్న గిటార్ లేక్ దగ్గర తెల్లారేసరికి టెంట్ మీద మంచు పేరుకుంది. వాడు ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకుని కూడా నిద్రపోలేదు. పగలు వంద గ్రాములు ఎక్కువ మోసినా ఫరవాలేదు. రాత్రి నిద్ర లేకపోతే మర్నాటి కనుమ ఎక్కడం నరకం.

బొంత వెచ్చగా ఉండాలంటే కింద పరుపు కూడా సరిపోవాలి. పరుపు చలిని ఎంత ఆపుతుందో ఆర్-వాల్యూ చెబుతుంది. మడతల ఫోమ్ పరుపు సుమారు 400 గ్రాములు, ఆర్-వాల్యూ 2. చిరగదు, గాలి పోదు. నా గాలి పరుపు 370 గ్రాములు, విలువ 4 పైన. వెచ్చదనం బ్రహ్మాండం. రే లేక్స్ దగ్గర మాత్రం రాత్రి ఒంటిగంటకి నేల తగిలింది, పరుపు చదునైపోయింది. పొద్దున సరస్సు ఒడ్డున కొంచెం కొంచెంగా నీళ్లలో ముంచి బుడగలు వచ్చే చోటు పట్టుకున్నాం. గుండుసూది మొనంత చిల్లు. అతుకు వేసి ఆరబెట్టాం, చివరి దాకా నిలిచింది. పది గ్రాముల అతుకుల ప్యాకెట్‌ని మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒంటి మీద ఒక జత, పడుకోవడానికి ఒక జత, ఈకల జాకెట్, వాన జాకెట్, రెండు జతల సాక్స్. బూట్ల బదులు ట్రెయిల్ రన్నర్లు, అంటే కొండదారుల్లో పరిగెత్తడానికి చేసిన తేలికపాటి షూస్ వేసుకున్నాను. వాగు దాటితే తడుస్తాయి, గంటలో ఆరిపోతాయి. నా మోకాళ్లకి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ మార్పే. పొయ్యి విషయంలో ఒక జాగ్రత్త: కాలిఫోర్నియాలో మంటల ఆంక్షలు ఉన్నప్పుడు ఆర్పే వాల్వ్ లేని స్పిరిట్ పొయ్యిలు నిషిద్ధం. ఎంత తేలికైనా ఇక్కడ పనికిరావు.

నీళ్ల ఫిల్టర్ సాయర్ స్క్వీజ్, 85 గ్రాములు. దాని లోపల సన్నటి గొట్టాలు ఒక్కసారి గడ్డకడితే పగిలిపోతాయి, బయటికి తెలియదు. రోజూ రాత్రి బొంతలో పెట్టుకునే పడుకున్నాను. మొదటి రెండు రోజులు తమ్ముడు మూడు లీటర్లు మోశాడు. ఈ దారిలో గంటకో వాగు కనిపిస్తుంది, లీటరు చాలా చోట్ల సరిపోతుంది. మూడు నెలలు వెతికి రెండు కిలోలు తగ్గించినవాడు, ఆ రెండు కిలోలనీ నీళ్లుగా తిరిగి ఎక్కించుకున్నాడని చెబితే వెంటనే పారబోశాడు.

చివరికి నా బేస్ వెయిట్ 5.8 కిలోలు. డబ్బా తీసేస్తే 4.6. "అక్కా, ఆ గ్లవ్స్, ఇంకో జత సాక్స్ తీసేస్తే 4.5 కిందికి వచ్చేస్తావు!" అని తమ్ముడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. వాడు తన గ్లవ్స్ తీసేసి 4.4కి దిగాడు.

సామాను గురించి ఇన్ని గ్రాముల లెక్క చూసుకున్నా, దారిలో తెలిసిన పెద్ద సంగతి ఏమిటంటే అసలు బరువు తిండిది. రోజుకి 650 గ్రాములు అనుకుంటే తొమ్మిది రోజులకి దాదాపు ఆరు కిలోలు, అంటే మొత్తం సామాను కంటే ఎక్కువ. ఎక్కడ ఆగి తిండి నింపుకుంటామన్నది కూడా సామాను ఎంపికలో భాగమే. అందుకే ఆగిన చోట్ల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

యోసెమిటీ లోయలో పర్మిట్ ఉన్నవాళ్లకి ముందు రాత్రి పడుకోవడానికి బ్యాక్‌ప్యాకర్ల క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఇరుకు, సందడి ఎక్కువే. కానీ తెల్లవారుజామున నడిచి ట్రెయిల్ మొదలయ్యే హ్యాపీ ఐల్స్ చేరుకోవచ్చు, హోటల్ గది అవసరమే లేదు. సుమారు 95 కిలోమీటర్ల దగ్గర వచ్చే రెడ్స్ మెడో నాకు బాగా నచ్చింది. దారి పక్కనే కొట్టు, భోజనం, స్నానం ఉన్నాయి, ముందే పంపిన పెట్టె అందుకోవచ్చు. బస్సెక్కితే మామత్ లేక్స్ ఊరు, అక్కడ సామాను కొట్లున్నాయి. మొదటి అయిదు రోజుల్లో తప్పని తేలిన వస్తువుని మార్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నేను అక్కడి నుంచి ఓ కుర్చీని, పుస్తకాన్ని పోస్టులో ఇంటికి పంపేశాను.

వర్మిలియన్ వ్యాలీ రిసార్ట్‌కి వెళ్లాలంటే ఎడిసన్ సరస్సు అవతలి చివరికి చేరాలి. పడవ నడుస్తుందా లేదా అన్నది నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. సమయం ఉన్నవాళ్లకి సరే, మేం వదిలేశాం. ఇంచుమించు సగం దారిలో ఉన్న మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌ని వదిలేయడం కుదరదు. తిండిని ప్లాస్టిక్ బకెట్‌లో చాలా ముందుగా పంపాలి, రుసుము కూడా ఉంటుంది. కొండల నడుమకి ఆ బకెట్లు చేర్చే శ్రమ చూస్తే ఆ రుసుము న్యాయమే అనిపించింది. అక్కడి గదులు వేరే బుకింగ్ చేసుకున్న అతిథులకి. నడిచేవాళ్లు దగ్గర్లో నది ఒడ్డున టెంట్ వేసుకుంటారు. అక్కడ వరసగా పెట్టిన డబ్బాల నిండా, జనం మోయలేక వదిలేసిన తిండి ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని భయంతో సర్దుకున్న తిండి అది. మీ బకెట్‌లో అనుకున్నదానికంటే ఒక రోజు తక్కువే పెట్టండి.

రాంచ్ దాటాక దారి మీద ఇంకే సదుపాయమూ లేదు. తొమ్మిది రోజుల తిండి ఒకేసారి ఎత్తుకోవాలా, లేక కియర్‌సార్జ్ కనుమ దాటి ఆనియన్ వ్యాలీకి దిగి మళ్లీ నింపుకోవాలా అని చాలా తర్జనభర్జన పడ్డాం. దిగితే ఒక్కో వైపు సుమారు 12 కిలోమీటర్లు అదనం. దిగడమే మంచిదని నా నిర్ణయం. తొమ్మిది రోజుల తిండి డబ్బాలో పట్టించడమే కష్టం, ఆ బరువుతో మ్యూర్, మాథర్, పిన్షో కనుమలు ఎక్కాలి. ఆరు రోజుల తిండితో మేం మ్యూర్ కనుమకి చేరి, 1930లో కట్టిన రాతి గుడిసెలో కూర్చుని టీ తాగే ఓపికతో ఉన్నాం. ఆనియన్ వ్యాలీకి కింద ఉన్న ఇండిపెండెన్స్ ఊళ్లో దిగిన మోటల్‌లో వేడినీళ్లు సరిగా రాలేదు, గది పాతది. అయినా మంచం మీద పడుకున్న ఆ ఒక్క రాత్రి 4,009 మీటర్ల ఫారెస్టర్ కనుమకి మమ్మల్ని సిద్ధం చేసింది.

చివరి రోజు రెండున్నరకి లేచి గిటార్ లేక్ నుంచి విట్నీకి బయలుదేరాం. చలికి పోల్ పిడి పట్టుకోలేకపోతున్నాడు తమ్ముడు. కాసేపు ఓర్చుకున్నాడు. మలుపుల దగ్గర ఆగి, "అక్కా, ఒకసారి ఆ గ్లవ్స్ ఇస్తావా?" అన్నాడు. కుడిచేతిది వాడికి ఇచ్చాను, ఎడమచేతిది నేను ఉంచుకున్నాను. రెండో చెయ్యి జేబులో పెట్టుకుని ఒక్కో పోల్‌తోనే ఎక్కాం. శిఖరం చేరేసరికి తూర్పున ఎర్రబడుతోంది. వాడు ఏమీ మాట్లాడకుండా నా చేయి పట్టుకుని నిలబడ్డాడు.

దిగాక విట్నీ పోర్టల్‌లో కొట్టు ఉంది, వేడి భోజనం దొరుకుతుంది. లోన్ పైన్ ఊరికి 21 కిలోమీటర్లు, బస్సు లేదు. ఎవరినైనా లిఫ్ట్ అడగాలి, లేదా కారు ముందే మాట్లాడుకోవాలి. విట్నీ ప్రాంతంలో మలాన్ని కూడా సంచిలో మోసుకుని కిందికి తేవాలి. దాని బరువు ఎవరి జాబితాలోనూ ఉండదు, చోటు మాత్రం ఉంచుకోండి.