కాంభోజం ఎక్కడ: రాజౌరీయా, కాబూల్ లోయా, పామీరా?

గ్రూప్స్ పుస్తకాల్లో 16 మహాజనపదాల (బుద్ధుడి కాలపు రాజ్యాల) పట్టిక ఉంటుంది. అందులో అశ్మకానికి ఎదురుగా దాని రాజధాని పోతన, అంటే మన బోధన్. కాంభోజానికి ఎదురుగా రాజపురం. అశ్మకాన్ని మ్యాపులో పెట్టడం తేలికే, పేచీ అంతా కాంభోజంతోనే. ఒక పుస్తకంలో అది జమ్మూ పక్కన రాజౌరీ దగ్గర ఉంటుంది, ఇంకోదాంట్లో కాబూల్, కాందహార్ వైపు, మరోదాంట్లో అఫ్గానిస్తాన్ ఈశాన్య కొసన బదఖ్షాన్, పామీర్ కొండల్లో. మూడింటికీ ఆధారాలున్నాయి కానీ వాటి బరువు ఒకటి కాదు.

అన్నిటికన్నా పలచనిది రాజౌరీ వాదం. ద్రోణపర్వంలో అంపశయ్య మీది భీష్ముడు కర్ణుడితో, రాజపురానికి వెళ్లి కాంభోజుల్ని గెలిచావు అంటాడు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ పూంచ్ తర్వాత చూసిన రాజపురం నేటి రాజౌరీ అని పురావస్తువేత్త కన్నింగ్‌హామ్ గుర్తించాడు. చరిత్రకారుడు హేమచంద్ర రాయచౌధురి ఈ రెండు రాజపురాల్నీ ముడిపెట్టాడు. ముడి నిలవదు. రాజపురం అంటే రాజుగారి ఊరు, ఎక్కడైనా ఉండొచ్చు. శాంతిపర్వంలో కళింగరాజు చిత్రాంగదుడి రాజధాని పేరూ రాజపురమే, అక్కడి స్వయంవరానికి దుర్యోధనుడితో కలిసి వెళ్లినవాడూ కర్ణుడే! పేరు ఒక్కటే చాలనుకుంటే కాంభోజాన్ని ఒడిశా తీరానికీ తేవచ్చు. పైగా హ్యూయెన్‌త్సాంగ్ ఆ రాజ్యాన్ని కాంభోజం అనలేదు. లంపాక (నేటి అఫ్గానిస్తాన్‌లోని లగ్మాన్) నుంచి అక్కడిదాకా ఉన్నవాళ్లు మొరటు మనుషులనీ, అసలైన భారతదేశానికి చెందరనీ మాత్రం రాశాడు.

రాజౌరీని అసలు దెబ్బతీసేది భాష. యాస్కుడు వేదపదాల వ్యుత్పత్తి గ్రంథమైన నిరుక్తంలో 'శవతిర్గతికర్మా కంబోజేష్వేవ భాష్యతే' అన్నాడు. 'వెళ్లడం' అనే అర్థంలో 'శవతి' అనే క్రియ కాంభోజులకే ఉంది, ఆర్యులకు దాని నుంచి పుట్టిన 'శవ' అనే నామవాచకమే మిగిలింది అని భావం. మనం రోజూ అనే 'శవం' అదే. ప్రాచీన ఇరానీ భాష అయిన అవెస్తాలో ఇదే ధాతువు వెళ్లడానికి వాడుక. పారసీకంలో నేడు 'అవడం' అనే అర్థమిచ్చే 'షుదన్'కి పాత అర్థమూ వెళ్లడమే. కాబట్టి వీళ్లు ఇరానీ భాష మాట్లాడినవాళ్లు. భూరిదత్త జాతకంలో కాంభోజులు పురుగుల్నీ పాముల్నీ కప్పల్నీ చంపడం పుణ్యమనుకుంటారని ఉంది. ప్రాచీన ఇరాన్‌లోని జరతుష్ట్ర మతస్థుల ఆచారం అది.

ఇక్కడే చాలామంది ఒక అడుగు ఎక్కువ వేస్తారు. పామీర్ ప్రాంతపు వఖీ, షుగ్నీ వంటి భాషల్లో ఈ క్రియ ఇంకా బతికుందని భాషావేత్త గ్రియర్సన్ చూపించాడు. దాన్ని పట్టుకుని చరిత్రకారుడు జయచంద్ర విద్యాలంకార్ కాంభోజం పామీర్, బదఖ్షానే అని తేల్చేశాడు. కానీ ఇరానీ భాషల్లో విస్తారంగా ఉన్న క్రియ అది, ఒక్క లోయ సొత్తు కాదు. నేటి భాషల మ్యాపును యాస్కుడి కాలానికి అతికించలేం. ఈ సాక్ష్యం రాజౌరీని తీసేస్తుందే గానీ కాబూల్‌కీ పామీర్‌కీ మధ్య తీర్పు చెప్పదు.

ఆ తీర్పుకి అశోకుడి శాసనాలు కావాలి. 5వ శిలాశాసనం యోన (గ్రీకులు), కంబోజ, గంధారుల్ని ఒక వరసలో చెబుతుంది. 13వది యోన కంబోజుల్ని రాజు ఏలుబడిలోని వాళ్లలో లెక్కిస్తుంది. ఆంధ్రుల పేరూ ఆ జాబితాలోనే ఉంది. మౌర్యుల పాలన పామీర్ దాకా సాగిందనడానికి అక్కడ శాసనం లేదు. కాందహార్‌లో 1958లో గ్రీకు, అరమాయిక్ (పారసీక సామ్రాజ్యపు రాతకోతల భాష) రెండింటిలో చెక్కిన అశోక శాసనం బయటపడింది. లగ్మాన్‌లోనూ అరమాయిక్‌వి దొరికాయి. గ్రీకు పాఠం యోనుల కోసం. ఇరానీ మాటలు కలిసిన ఆ అరమాయిక్ పాఠం కాంభోజుల కోసమని పలువురు పండితుల అంచనా. క్రీ.పూ. 3వ శతాబ్దానికి ఇంతకన్నా గట్టి చిరునామా లేదు.

కావ్యాల్లోకి వస్తే సాక్ష్యాలు అటూ ఇటూ లాగుతాయి. సభాపర్వంలో కాంభోజుడు ధర్మరాజుకి తెచ్చిన కానుకలు చూడండి: ఉన్ని, బొరియల్లో బతికే జంతువుల తోళ్లు, పిల్లి తోళ్లు, తిత్తిరిపిట్ట మచ్చల గుర్రాలు 300, పీలు, జమ్మి, గార తిని బలిసిన ఆడ ఒంటెలు 300. ఉన్నీ తోళ్లూ చలిదేశాన్ని గుర్తుచేస్తాయి. పీలు, జమ్మి, గార ఎండనేల చెట్లు, పామీర్ ఎత్తుల్లో బతకవు. ఇక్కడ కాబూల్ కింది పొడి లోయలకే మొగ్గు.

కాళిదాసు రఘువంశం 4వ సర్గలో రఘువు ఏనుగుల్ని కట్టగా వంగిన అక్రోటు చెట్లతోపాటు కాంభోజులూ వంగారు. అక్రోటు బదఖ్షాన్‌లోనూ కాశ్మీర్‌లోనూ పెరుగుతుంది, దానితో ఏమీ తేలదు. చిక్కంతా రెండు శ్లోకాల ముందున్న నదిది. మన మెదక్ కొల్చారం వ్యాఖ్యాత మల్లినాథసూరి 'సింధు' అని చదివి, కాశ్మీర దేశపు నది అన్నాడు. అంతకన్నా పాతవాడు, కాశ్మీరీ అయిన వ్యాఖ్యాత వల్లభదేవుడి పాఠం 'వంక్షు', అంటే మధ్యాసియా నది ఆము దర్యా. గుర్రాల జూలుకి కుంకుమపువ్వు అంటుకుంది కాబట్టి కాశ్మీరే అనబోతే, అమరకోశం కుంకుమపువ్వుకి 'బాహ్లీక' అనే పేరూ ఇస్తుంది. బాహ్లీకం అంటే ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్. సొంత దేశపు నదిని వదులుకున్న కాశ్మీరీ పాఠానికే నా ఓటు.

మరి పామీర్ వాదం పూర్తిగా వృథానా? కాదు. మహాభారతంలో అర్జునుడి ఉత్తర దిగ్విజయంలో ముందు బాహ్లీకులు, తర్వాత దరదులతో కలిసి కాంభోజులు, ఆ పైన లోహులు, పరమకాంభోజులు, ఉత్తర ఋషికులు వస్తారు. 'పరమ' అంటే ఇక్కడ గొప్ప అని కాదు, అవతలి అని. దరదులు గిల్గిత్ వైపువాళ్లు. వాళ్లను దాటి ఇంకా ఉత్తరానికి పోతే తగిలేది బదఖ్షాన్, పామీర్ కొండలే.

మ్యాపు గీసేవారు అశోకుడి కాలానికైతే 'కాంభోజ' అనే పేరును కాందహార్ నుంచి లగ్మాన్ దాకా, హిందూకుష్‌కి దక్షిణాన రాయండి. మహాభారతపు మ్యాపైతే పర్వతానికి అవతల 'పరమకాంభోజ' అని వేరే అక్షరాలు పెట్టండి. రఘువంశానికి వంక్షు పాఠం తీసుకుంటే ఆ రెండోదే సరిపోతుంది. పరీక్షలో రాజధాని అడిగితే మాత్రం రాజపురమే గుర్తించండి, రాజౌరీ మీద చుక్క పెట్టకుండా.