మౌంటెన్ బైక్‌కు ఏ ట్రైనర్: చక్రం ఉంచేదా, తీసేదా?

మౌంటెన్ బైక్‌ను ఇంట్లో ట్రైనర్‌కు, అంటే ఒకేచోట ఉండి తొక్కడానికి వాడే స్టాండ్‌కు, ఎక్కించడానికి రెండు దారులున్నాయి. వెనక చక్రం అలాగే ఉంచి టైరును రోలర్‌కు ఆనించేది ఒకటి. చక్రం తీసేసి, ట్రైనర్‌కే బిగించిన క్యాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల గుత్తి) మీద చెయిన్ వేసేది రెండోది.

మొదటిదాంట్లో గేర్ల జోలికి వెళ్లక్కర్లేదు, క్యాసెట్ మనదే కాబట్టి. ఇబ్బందంతా టైరుతోనే. గుబ్బల టైరు రోలర్ మీద రొద పెడుతుంది, జారుతుంది, త్వరగా అరుగుతుంది. నున్నటి టైరు వేయక తప్పదు. 29 అంగుళాల చక్రం పడుతుందా, థ్రూ యాక్సిల్‌కు (చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే లావు ఇరుసుకు) సరిపడే భాగం దొరుకుతుందా అన్నది ముందే చూసుకోండి.

రెండోదానికి చప్పుడు తక్కువ, టైరు జారే సమస్యే లేదు. నా ఓటు దీనికే. కాకపోతే గేర్ల తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. 12 స్పీడ్ (వెనక 12 గేర్లున్న) బైకుకు 12 స్పీడ్ క్యాసెటే కావాలి. అందులో అతి చిన్న పళ్ల చక్రానికి 10 పళ్లుంటే మామూలు ఫ్రీహబ్ (క్యాసెట్‌ను తొడిగే భాగం) మీద కూర్చోదు; షిమానో కంపెనీ క్యాసెట్ అయితే మైక్రో స్ప్లైన్, శ్రామ్‌ది అయితే ఎక్స్‌డీ రకం ఫ్రీహబ్ పెట్టాలి. బూస్ట్ ఫ్రేముకు (వెనక ఇరుసు చోటు వెడల్పుగా ఉండేదానికి) 148 మిల్లీమీటర్ల అడాప్టర్ కావాలి.

అన్నీ కుదిరాక కూడా గేర్లు టకటకలాడితే కంగారు పడకండి. ట్రైనర్ మీద క్యాసెట్ మన చక్రంలో ఉన్నంత కచ్చితంగా అదే చోట కూర్చోదు. గేరు కేబుల్ బిగువును సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి. చెయిన్ పెద్ద పళ్ల చక్రానికి ఎక్కనని మొరాయిస్తే కేబుల్ టెన్షన్ పెంచాలి, చిన్నదానికి దిగకపోతే తగ్గించాలి. చెయిన్ క్యాసెట్ చివరలు దాటిపోకుండా ఆపే లిమిట్ స్క్రూలను ముట్టుకోవడం చివరి మాట. ఎన్ని చుట్లు తిప్పారో రాసిపెట్టుకుంటే, బయటికి వెళ్లే రోజు అన్నే వెనక్కి తిప్పుకోవచ్చు.