స్నాప్‌సీడ్‌తో ఇరవై ఆరు వారాలు: వారానికో చీటీ, ఒక్క ఫోటో, మూడే టూల్స్

ఇది ఫోన్‌లో ఉచితంగా దొరికే ఎడిటింగ్ యాప్ స్నాప్‌సీడ్ మీద రివ్యూ. అయితే యాప్ ఒక్కదాని గురించే రాస్తే సగం మాటే చెప్పినట్టవుతుంది. ఎందుకంటే ఈ యాప్ నా ఫోన్‌లో మూడేళ్లుగా ఉంది, ఆ మూడేళ్లూ నేను దాంతో చేసింది పుట్టినరోజు ఫోటోల్లో ముఖాలకు కాస్త వెలుతురు పెంచడం, ఆకాశం నీలాన్ని చిక్కబరచడం, అంతే. ఫోటోలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. మొన్న డిసెంబర్‌లో వారానికో అంశం పెట్టుకుని తీయడం మొదలుపెట్టాకే ఇదే యాప్ నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

అంతకుముందు డబ్బులు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. పేరు అనవసరం. వీడియోలు కొన్ని, వాటితో పాటు నలభై ప్రీసెట్లు ఇచ్చారు, ఏ ఫోటో మీదైనా ఒకటి నొక్కితే రంగు మారిపోతుంది. నెల రోజులు సరదాగానే గడిచింది. తర్వాత గ్యాలరీ మొత్తం ఒకసారి కిందికి జరుపుతూ చూస్తే వరంగల్ కోటలో తీసినదీ, మా మేడ మీద తీసినదీ, పెళ్లిలో తీసినదీ అన్నీ ఒకే రంగునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. బాధేసింది. ఆ ప్రీసెట్లన్నీ తీసేశాను.

తర్వాత మొదలుపెట్టింది ఈ చీటీల పద్ధతి. ఖాళీ బిస్కెట్ డబ్బాలో ఇరవై ఆరు చీటీలు వేశాం: నీడ, ఎరుపు, చేతులు, గీతలు, ఖాళీ, ప్రతిబింబం, తలుపు, గుండ్రం, ఎదురుచూపు, పాతది, ఇలా. ఆదివారం పొద్దున మా పాప కళ్లు మూసుకుని ఒకటి తీస్తుంది. ఆ వారమంతా అదే అంశం. నియమాలు మూడు పెట్టుకున్నాను: ఆ వారంలో తీసిన ఫోటోనే అయ్యుండాలి, ఫోన్‌తోనే తీయాలి, ఎడిటింగ్‌లో మూడు టూల్స్‌కి మించి వాడకూడదు. శనివారం రాత్రి ఒక్కటంటే ఒక్క ఫోటో ఎంచుకోవాలి. ఈ ఎంచుకోవడమే అన్నిటికన్నా కష్టమని నాకు ముందు తెలియదు. నలభై తీసి ముప్పై తొమ్మిది పక్కన పెట్టాలంటే ప్రతిదానికీ ఎందుకు వద్దో మనసులో చెప్పుకోవాలి కదా, ఆ చెప్పుకోవడంలోనే చాలా నేర్చుకున్నాను.

ఎరుపు వారం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ యాప్‌ని నేను నిజంగా అర్థం చేసుకున్నది అప్పుడే.

ఫిబ్రవరి చివర. వరంగల్‌లో ఎరుపు అంటే ఎవరైనా ఎనుమాముల మార్కెట్ దారే పడతారు, నేనూ అదే చేశాను. సీజన్‌లో అక్కడికి వెళ్లినవాళ్లకి తెలుసు, గేటు ఇంకా రాకముందే ఘాటు ముక్కుకి తగులుతుంది, లోపల బస్తాల వరుసలు, విప్పిన మూతుల్లోంచి మిర్చి. మొహానికి రుమాలు కట్టుకుని గంటసేపు తీశాను. ఇంటికొచ్చి తెరిచి చూస్తే ఏ ఫోటోలోనూ మిరపకాయ లేదు, ఎర్రటి ముద్ద ఉంది. కాయకీ కాయకీ మధ్య గీత లేదు, ముడతలు లేవు, ఎవరో ఎర్ర రంగు పులిమినట్టు.

ఫోకస్ తప్పిందనుకున్నా. కాదు. మామూలు ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడిటికీ సున్నా నుంచి 255 వరకు మెట్లుంటాయి. బాగా ఎర్రటి వస్తువు ఎండలో ఉంటే ఎరుపు ఒక్కటే ముందుగా 255కి వెళ్లి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది, ఇక కాయ మీద వెలుగున్న చోటూ కాస్త తక్కువ వెలుగున్న చోటూ రెండూ ఒకే అంకె. తేడా లేకపోతే ముడత ఎక్కడ కనిపిస్తుంది? ఫోన్‌కేమో మొత్తం వెలుతురు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే అది తగ్గించదు. నేను అప్పటిదాకా చేసిన పనేమో సాచురేషన్, అంటే రంగుల చిక్కదనం, ఇంకా పెంచడం, అంటే చచ్చినదాన్ని మళ్లీ చంపడం.

రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను, ఈసారి పొద్దున ఆరున్నరకే. షెడ్డు నీడలో ఉన్న బస్తా దగ్గర కూర్చున్నా, స్క్రీన్ మీద కాయని తాకి పక్కనున్న సూర్యుడి గుర్తుని కిందికి లాగి వెలుతురు బాగా తగ్గించాను, ఫోటో మసకగా ఉందనిపించేంత. స్నాప్‌సీడ్‌లో తెరిచి ట్యూన్ ఇమేజ్‌లో సాచురేషన్ మైనస్ ఇరవై దాకా తగ్గించాను (పెంచలేదు, తగ్గించాను), షాడోస్, అంటే చీకటిగా ఉన్న భాగాలని, కొంచెం లేపాను, డీటెయిల్స్‌లో గరుకునీ ముడతల్నీ తేల్చే స్ట్రక్చర్ కాస్త ఇచ్చాను. అప్పుడు కనిపించింది: పైన ఉన్న ఒక కాయ పొడవునా పగిలి, లోపల గింజలు లేత పసుపు రంగులో వరసగా అంటుకుని ఉన్నాయి, దాని తొడిమ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. నేను మార్కెట్‌లో దాని ముందు కూర్చున్నప్పుడు ఆ గింజల్ని చూడలేదు. ఎడిట్ చేస్తున్నప్పుడు చూశాను. తర్వాతి వారం నుంచి తీసేటప్పుడే చూడటం మొదలైంది.

ఇక ఈ యాప్‌లో నాకు బాగా నచ్చిన టూల్ సెలెక్టివ్. ఫోటోలో ఒక చోట తాకితే చుక్క పడుతుంది, రెండు వేళ్లతో లాగితే దాని చుట్టూ వలయం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఆ వలయంలో చుక్క కింద ఉన్న రంగుకి దగ్గరగా ఉన్న భాగాలే మారతాయి, మిగతావి కదలవు. గీత గీసుకుని కత్తిరించుకునే పని లేదు. ఈ చుక్కల పద్ధతి కొత్తదేమీ కాదు. స్నాప్‌సీడ్‌ని తయారుచేసిన నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ దీన్ని అంతకుముందే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో తెచ్చింది. 2011లో ఐప్యాడ్ కోసం డబ్బులు పెట్టి కొనుక్కునే యాప్‌గా స్నాప్‌సీడ్ వచ్చింది, 2012లో గూగుల్ ఆ కంపెనీని కొని ఆండ్రాయిడ్‌కి కూడా తెచ్చి ఉచితం చేసింది. ఇప్పటికీ ప్రకటనల్లేవు, సేవ్ చేసిన ఫోటో మూలన వాటర్‌మార్క్ పడదు. ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

బ్రష్ టూల్‌లో డాడ్జ్ అండ్ బర్న్ అని ఉంటుంది, చాలామంది దాన్ని తాకను కూడా తాకరు. మా వీధిలో ఫిల్మ్ రోజుల నుంచి స్టూడియో నడిపిన బాబాయ్ ఒకాయన ఉన్నారు, ఒకసారి ఆయనకి చూపిస్తే వెంటనే పట్టేశారు. "ఇది మేం చేత్తో చేసిందే కదరా" అన్నారు. డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ మీది బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద ఫోటో కాగితం పెడతారు, వెలుతురు ఎంత పడితే అది అంత నల్లబడుతుంది. అలా వెలుతురు పడుతుంటే, తీగకి చిన్న అట్టముక్క కట్టి ముఖం మీద ఆడిస్తే అక్కడ వెలుతురు తక్కువ పడి ముఖం తేటగా వచ్చేదట, అరచేతుల మధ్య సందు చేసి ఆకాశం మీద ఎక్కువసేపు వెలుతురు పడనిస్తే అక్కడ చిక్కబడేదట. అట్టముక్కని కదలకుండా పట్టుకుంటే అంచు అచ్చుగుద్దినట్టు పడుతుంది కాబట్టి ఆడిస్తూనే ఉండాలన్నారు. ఫోన్‌లోనూ అదే వర్తిస్తుంది. బ్రష్ విలువ పది పెట్టి ఒక్కసారి రుద్దితే మరక, ఐదు పెట్టి ఫోటోని బాగా జూమ్ చేసి కొంచెం కొంచెంగా పోతే అసలు చేయి పెట్టినట్టే తెలియదు.

చేతుల వారం సరిగ్గా సంక్రాంతికి పడింది. అమ్మ సకినాలు చుడుతోంది. నేల మీద పరిచిన తెల్ల బట్ట, తడి బియ్యప్పిండి, అందులో నువ్వులు, వాము, అమ్మ వేళ్ల మధ్య నుంచి పిండి తాడులా మెలి తిరుగుతూ దిగి మూడు చుట్లు తిరుగుతోంది. "ఈ చేతులకేం ఫోటో బిడ్డా, పండక్కి చీర కట్టుకున్నాక తియ్యి" అంది. నేను తీస్తూనే ఉన్నాను. తెల్ల బట్ట మీద తెల్ల పిండి కాబట్టి ఫోన్ అంతా బూడిద రంగు చేసింది, ఒకవైపు కిటికీ వెలుతురు, ఇంకోవైపు ట్యూబ్‌లైట్, చేతులు సగం నీలంగా సగం పచ్చగా ఉన్నాయి. ట్యూబ్‌లైట్ ఆపేసి మళ్లీ తీశాను (ఎడిటింగ్‌లో అరగంట పట్టే పని స్విచ్ దగ్గర అర క్షణంలో అయిపోయింది). యాప్‌లో వైట్ బ్యాలెన్స్‌కి వెళ్లి రంగు పట్టే గుర్తుతో బట్ట మీద తాకితే బట్ట తెల్లబడింది, చేతులు చేతుల రంగుకొచ్చాయి.

అప్పుడు ఒక పని చేశాను. అమ్మ కుడి చేతి మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఉంటుంది, నూనె చింది. హీలింగ్ టూల్‌తో ఒక్క వేలితో రుద్దితే అది పోయింది, నున్నగా, ఏమీ లేనట్టు. బాగుందనే అనుకున్నా. ఆ తర్వాత ఇంకో టూల్ వాడుతూ ఫోటోని దూరంగా పట్టుకుని చూస్తే ఆ చేయి అమ్మది కాదు. ఎవరి చేయో. ఏ సంక్రాంతికి ఏ మూకుడు దగ్గర అయిన మచ్చో గానీ ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను దాన్ని. స్నాప్‌సీడ్‌లో వ్యూ ఎడిట్స్ అని ఉంది, చేసిన పనులన్నీ ఒకదాని మీద ఒకటి మెట్లలా కనిపిస్తాయి, మధ్యలో ఉన్న ఏ మెట్టునైనా తీసేయొచ్చు, మార్చుకోవచ్చు, లేదా దాన్ని ఫోటోలో కొంత భాగానికే పూసుకోవచ్చు. హీలింగ్ మెట్టొక్కటి తీసేశాను. మచ్చ తిరిగొచ్చింది, తర్వాత చేసిన పని చెడలేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఈ యాప్‌ని నేను వదలను.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. నేను వాడే ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన కాపీని మళ్లీ తెరిస్తే ఆ మెట్లు ఉండవు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టాను, ఏ ఫోటోకి ఏ టూల్, ఎంత అన్నది రెండు లైన్లు రాసుకుంటాను, అసలు ఫోటోని మాత్రం ఎప్పుడూ చెరపను.

నీడ వారం కోటలో కీర్తి తోరణం దగ్గర గడిచింది. మధ్యాహ్నం వెళ్తే నీడ కాళ్ల కిందే ఉంది, సాయంత్రం నాలుగున్నర దాటాక తోరణం నేల మీద కూడా పడుకుంది, అప్పుడు తీశాను. ఫోన్ పైకెత్తి తీసేసరికి స్తంభాలు వెనక్కి వాలిపోయాయి. పర్‌స్పెక్టివ్ టూల్ నిలబెడుతుంది, కానీ అలా నిలబెట్టినప్పుడు మూలల్లో వచ్చే ఖాళీని యాప్ తనంతట తనే పక్కనున్న రాయినీ ఆకాశాన్నీ అతికించి నింపుతుంది. ఆకాశమైతే ఫర్వాలేదు. కాకతీయులు చెక్కిన శిల్పం పక్కన వాళ్లు చెక్కని రాయి రావడం నాకు నచ్చదు. కొంచెం వెనక్కి జరిగి చుట్టూ జాగా వదిలి తీయండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

ప్రతిబింబం వారం గురించి ఒక్క ముక్క: వాన నీళ్ల మడుగు ఎంత చిన్నదైనా చాలు, ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని కెమెరా నీళ్లకి దాదాపు ఆనేలా పెట్టండి, బస్టాండ్ ముందు గుంట చెరువులా కనిపిస్తుంది.

జాగ్రత్తగా ఉండాల్సినవీ ఉన్నాయి. హెచ్‌డీఆర్ స్కేప్, డ్రామా అనే రెండు ఫిల్టర్లు మొదట్లో మత్తెక్కిస్తాయి, మబ్బులు ఉరుముతున్నట్టు కనిపిస్తాయి. కానీ ఎక్కువ పెడితే గుడి గోపురం చుట్టూ, మనిషి తల చుట్టూ తెల్లటి వెలుగు అంచు వస్తుంది. ఫోన్‌లో తెలియదు, ప్రింట్ వేయిస్తే తెలుస్తుంది. నేను వాటిని ఇరవై దాటనివ్వను. ఫోటోషాప్‌లాగా ఎన్ని కావాలంటే అన్ని పొరలు ఇందులో ఉండవు. వందల ఫోటోలని వరుసగా సర్దుకునే ఏర్పాటూ లేదు, పెళ్లిళ్లు తీసేవాళ్లకి లైట్‌రూమ్ లాంటిదే కావాలి. వారానికి ఒక్క ఫోటో మీద కూర్చునేవాళ్లకి మాత్రం ఆ లోటు తెలియదు. ఐఫోన్‌లో 2025లో కొత్త రూపంతో 3.0 వచ్చింది, అందులో మెనూలు నేను చెప్పినదానికి కాస్త వేరుగా కనిపించొచ్చు.

మీరు మొదలుపెడితే ఇది తప్పకుండా చేయండి: మూడు నెలల తర్వాత మొదటి వారం అసలు ఫోటో తీసి, పాత ఎడిట్ చూడకుండా, మళ్లీ కొత్తగా ఎడిట్ చేయండి. నా మొదటి చీటీ 'తలుపు'. డిసెంబర్‌లో దానికి అంచులు చీకటి చేసి, రంగులు పెంచి, గొళ్లెం మెరిసేలా చేశాను. మార్చిలో మళ్లీ కూర్చుంటే పట్టిందల్లా ఒక్క టూల్, కత్తిరింపు. గొళ్లేన్నే ఉంచి మిగతా తలుపంతా తీసేశాను. రెండూ పక్కపక్కన పెట్టి పోస్ట్‌కార్డు సైజులో ప్రింట్ వేయించి బీరువా తలుపుకి అంటించాను.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు మెట్లు సేవ్ కానందుకు.

డబ్బాలో చీటీలు అయిపోయాయి, రెండో విడత రాస్తున్నాం. ఈసారి అమ్మ కూడా ఒకటి రాసి మడిచి వేసింది. ఏం రాసిందో అడిగితే, వచ్చినప్పుడు చూద్దువుగానీ అంటోంది.