సంక్రాంతి తరువాతి ఖాళీ గదికి వరంగల్ జంపఖానా

నిరుడు కనుమ దాటిన మర్నాడు పిల్లలు హైదరాబాదు, బెంగళూరు బస్సులెక్కి వెళ్లిపోయాక, హన్మకొండలోని మా ఇంట్లో సగం డబ్బా సకినాలు, మనవడు మరచిపోయిన మాంజా చరఖా, వాకిట్లో వెలిసిపోతున్న ముగ్గు మాత్రమే మిగిలాయి. వరుసగా పరిచిన పరుపులు ఎత్తేసరికి ముందుగది మరీ బోసిపోయి, ఏదో ఒకటి మార్చకపోతే ఆ నెల గడవదనిపించింది. గోడలకు రంగు వేయించే ఓపిక లేదు, సోఫా మార్చడం పింఛనుకు మించిన పని. చివరకు వరంగల్ కొత్తవాడలోని ఒక దుకాణంలో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల నూలు జంపఖానా ఒకటి కొన్నాను. ఏడాది వాడిన తరువాత దాని మంచిచెడ్డలు రాస్తున్నాను.

వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. పైభాగమంతా దారపు నూగు లేచి ఉండే ఆ తివాచీల నేత తరువాత బాగా తగ్గిపోయినా, నూగు లేకుండా చదునుగా నేసే జంపఖానాల పని కొత్తవాడలో నిలిచింది. వీటికి 2018లో, ఫలానా ఊరి సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. ఆ గుర్తింపు పేరు చెప్పి అచ్చు వేసిన పాలిస్టరు సరుకు అంటగట్టేవారూ ఉంటారు కనుక, కొనేముందు తిరగేసి చూడటం అవసరం. చేతిమగ్గం మీద పేకను, అంటే అడ్డదారాన్ని, దగ్గరగా కొట్టి నేసినప్పుడు నిలువుగా సాగే పడుగు దారం దాదాపు కనబడదు, పూలూ గళ్లూ రెండువైపులా ఒకే తీరుగా ఉంటాయి. అడుగుభాగం తెల్లగానో, రబ్బరు పూతతోనో ఉంటే అది అచ్చు సరుకేనని తెలుసుకోవచ్చు.

నేను తెచ్చింది మెరూన్, తెలుపు పట్టీలది. తెల్లటి టైల్స్ మీద పరచగానే గదికి ఒక నడుమంటూ ఏర్పడింది. గోడవారన ఉన్న రెండు కుర్చీలు దాని చుట్టూ జరిగాయి, సాయంత్రం టీ అక్కడికే వచ్చింది. నూలు కాబట్టి జనవరి చలిలో పాదానికి జివ్వుమనలేదు, మే నెల ఎండల్లోనూ వేడి పుట్టించలేదు. అదే వారం కొన్న ఏటికొప్పాక లక్క దీపపుసెమ్మె కూడా ముచ్చటైనదే కాని, అంత పెద్ద గది దిగులు తీర్చడం జానెడు అంకుడు కర్రకు సాధ్యమయ్యే పని కాదు.

ఇక లోపాలు. రంగు పోదని దుకాణదారు గట్టిగా చెప్పిన మాట నమ్మి మొదటిసారి సబ్బునీళ్లలో నానబెట్టాను. అరగంటలో బకెట్టు నీళ్లు బీట్‌రూట్ రసంలా మారి, తెల్ల పట్టీలు గులాబీ రంగుకు తిరిగాయి. కొనేముందు తడి చేతిరుమాలును ఒక మూల గట్టిగా రుద్ది చూసి ఉంటే ఆ నష్టం తప్పేది. రెండో చిక్కు, నున్నని టైల్స్ మీద అది జారడం: మా ఆవిడ ఒకసారి పడబోయి తలుపు పట్టుకుని ఆగింది. అడుగున రబ్బరు జాలీ వేశాక కదలడం మానింది గాని, ముసలివారున్న ఇంట్లో ఆ జాలీ లేకుండా పరచకూడదు. అంచు కుచ్చులు చీపురుకు చిక్కుకుంటాయి; మూడు నెలలకే రెండు ముడులు ఊడితే మళ్లీ చేత్తో వేసుకున్నాను.

ధర రెండు వేల లోపే అయింది. అచ్చు పాలిస్టరు చాప అందులో సగానికే దొరుకుతుంది, కాని ఏడాది తొక్కుడు తరువాత కూడా మా జంపఖానా ఎక్కడా పలచబడలేదు, దుమ్ము దులిపితే బరువుగా చప్పుడు చేస్తోంది. మొన్న పండక్కి మనవడు పరుపు వద్దని దానిమీదే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఈ వారం లోపలి గదికి రెండోది తేవాలనుకుంటున్నాను, ఈసారి బూడిద రంగుది, జేబులో తడి రుమాలుతో వెళ్లి.