పోర్షే 918 స్పైడర్‌తో ఆరేళ్లు: ముందు ఇరుసు మీది మోటారు

పెట్రోలు ఇంజిన్, విద్యుత్ మోటార్లు కలిసి నడిపే పోర్షే 918 స్పైడర్ కారు ప్రస్తావన వస్తే మాట వీ8 ఇంజిన్ మీదికో, సీట్ల వెనక పైకి తెరుచుకున్న ఎగ్జాస్ట్ గొట్టాల మీదికో వెళ్తుంది. ఆరేళ్లుగా దాన్ని నడుపుతున్న నాకు మాత్రం అందులో అన్నిటికన్నా ఇష్టమైనది కంటికి కనబడదు, చెవికి వినబడదు. అది ముందు ఇరుసు మీది 95 కిలోవాట్ల విద్యుత్ మోటారు. ఇంజిన్ నుంచి ముందు చక్రాలకు షాఫ్ట్ ఏదీ వెళ్లదు. వాటిని లాగేది ఆ మోటారు ఒక్కటే.

నేనుండేది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో. ఆదివారం తెల్లవారుజామున పేజ్ మిల్ రోడ్డులో కొండెక్కి, స్కైలైన్ బులెవార్డ్ మీదుగా వెళ్లి, 84వ నంబరు రోడ్డులో లా హోండా దాకా దిగి, అదే దారిన తిరిగి రావడం నా అలవాటు. రెండేళ్ల కిందట జూన్‌లో అలాగే తిరిగి ఎక్కుతున్నాను. కింద రోడ్డు పొడిగానే ఉంది. పైకి వచ్చేసరికి సముద్రం మీంచి వచ్చిన పొగమంచు రెడ్‌వుడ్ చెట్లకు పట్టి, ఆకుల చివరల నుంచి చినుకుల్లా రాలుతోంది. వాన లేకుండానే, చెట్ల కింద ఉన్నంత మేరా తారు నల్లగా తడిసి ఉంది. ఎడమకు మెలిక తిరిగే మలుపులో నేను దాన్ని గమనించేసరికే యాక్సిలరేటర్ తొక్కేశాను. వెనక భాగం కుడికి జారింది; నడుము కింద సీటు పక్కకు తప్పుకున్నట్టు తెలిసింది. చేతులు స్టీరింగ్‌ను ఎదురు తిప్పబోయేలోపే, ఎవరో ముక్కుతాడు పట్టుకుని లాగినట్టు, ముందు చక్రాలు కారును మలుపులోంచి తిన్నగా బయటికి తెచ్చాయి. నేను తిప్పింది బెత్తెడు కూడా ఉండదు. ఇంజిన్‌లా తిరిగే వేగం పెరిగేదాకా ఆగాల్సిన పని విద్యుత్ మోటారుకు లేదు, అడిగిన క్షణానే తన లాగుడంతా ఇచ్చేస్తుంది అన్న సంగతి చదివి తెలుసుకున్నదే అయినా, ఆ ఉదయం అది నా వెన్నుకు తెలిసింది. అదే మలుపులో ఒకసారి మిత్రుడి కరేరా జీటీ నడిపాను, అదీ పోర్షేదే. కారు జారితే దానంతటదే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ లేని ఆ వీ10 కారును పొడి రోడ్డు మీద కూడా పాదం బిగపట్టుకునే దాటించాను.

అయితే మోటారు రోడ్డు మీద పట్టును పుట్టించజాలదు, టైర్లలో ఉన్న పట్టును వాడుకోగలదు, అంతే. ఆ రోజు మిషెలిన్ కప్ 2 టైర్లు అప్పటికే బాగా వేడెక్కి ఉన్నాయి. జనవరి చలిలో, ఇంటి నుంచి బయలుదేరిన మొదటి మైళ్లలో అదే తడి ఎదురైతే ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాను.

కొన్న కొత్తలో ఇంజిన్ లేకుండా బ్యాటరీతోనే నడిచే ఈ-పవర్ మోడ్‌నూ నేను చాలా పొగిడాను. ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా వీధి దాటగలగడం నిజంగా హాయి. కానీ అలా బ్యాటరీతోనే వెళ్లగల దూరం, అమెరికా ప్రభుత్వ లెక్కలో 12 మైళ్లు, పేజ్ మిల్ ఎక్కుడులో నిలవదు; సగం కొండ ఎక్కకముందే ఇంజిన్ అందుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం బ్యాటరీ మళ్లీ నిండుతుంది. మామూలు బ్రేకింగ్ అంతా మోటార్లే చూసుకుంటాయి కనుక, నెమ్మదిగా దిగిన రోజున ఇంటి ముందు ఆపి సిరామిక్ బ్రేకు డిస్కుల దగ్గర చెయ్యి పెడితే వేడి పెద్దగా తగలదు.

మా ఇల్లు కొండ కిందే ఉండటం, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోవడంతో రెండు సీట్లు సరిపోవడం, రోజువారీ పనులకు వేరే కారు ఉండటం వల్లే ఈ కారు నాకు ఇంతగా కుదిరింది. రోజూ ఫ్రీవే మీద తిన్నగా వెళ్లివచ్చేవారికి ముందు మోటారు విలువ తెలిసే సందర్భమే రాకపోవచ్చు. గంటకు 265 కిలోమీటర్లు దాటితే అది చక్రాల నుంచి విడిపోతుంది కాబట్టి, జర్మనీ ఆటోబాన్ మీద నడిపేవారి లెక్క కూడా వేరు. నా దారికి, నా వేగానికి దీన్ని మించింది నేను నడపలేదు. ఆ రెడ్‌వుడ్ చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ పాదం ముందే తీస్తున్నాను.