వియత్నాం వెళ్లే కోనసీమవాళ్లకి

ఇదివరకు రాజోలు, అమలాపురం వైపు నుంచి విదేశం చూడాలంటే సింగపూరో దుబాయో. ఇప్పుడు ఎవరి నోట విన్నా వియత్నాం మాటే. ఈ-వీసా 25 డాలర్లు, ఇంట్లో కూర్చుని ఫోన్లోనే పెట్టుకోవచ్చు. మా బృందంలో అందరం కొబ్బరి తోటలున్నవాళ్లమే కాబట్టి పేరున్న హాలాంగ్ బే, దనాంగ్ వదిలేసి దక్షిణాన మెకాంగ్ డెల్టాకి వెళ్లాం. వెళ్లినందుకు నాకు సంతోషంగానే ఉంది. అయితే నోరు విప్పినవాళ్లని జైల్లో పెట్టే ప్రభుత్వం ఉన్న దేశానికి సరదాగా వెళ్లి డబ్బు ఖర్చుపెట్టి రావచ్చా అన్న ప్రశ్న బయల్దేరక ముందూ ఉంది, తిరిగొచ్చాకా ఉంది. గదులు, భోజనాల సంగతి చెబుతాను. దాంతోపాటు ఇదీ చెప్పాలి.

అక్కడ ఉన్నది ఒకే ఒక్క పార్టీ. దేశాన్ని నడిపేది కమ్యూనిస్టు పార్టీయేనని రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే రాసుకున్నారు. ప్రైవేటు దినపత్రిక అనేదే లేదు. ఫామ్ దోన్ చాంగ్ అనే పాత్రికేయురాలికి 2021 డిసెంబరులో తొమ్మిదేళ్ల జైలు శిక్ష వేశారు. ఆమె మీద మోపిన నేరం ప్రభుత్వ వ్యతిరేక ప్రచారం. అదే ఏడాది మేలో, భూమి కోసం పోరాడిన కాన్ తి థేవ్ అనే రైతు మహిళకీ, ఆమె కొడుక్కీ చెరో ఎనిమిదేళ్లు. భూమి అక్కడ రైతుది కాదు. ప్రజలందరిదీ అని పేరు, అజమాయిషీ ప్రభుత్వానిది, రైతుకి దక్కేది సాగు చేసుకునే హక్కు. నాలుగెకరాల తోట మీద బతికే మనకి ఇందులో బరువెంతో ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

నిజానికి మా ఇంట్లో మొదట అనుకున్నది బర్మా. మా అమ్మమ్మగారి వైపు పెద్దలు తాళ్లరేవు దగ్గర నుంచి రంగూన్ వెళ్లి పనిచేసినవాళ్లు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలాది భారతీయులతో పాటు మావాళ్లూ కొండలూ అడవులూ పడి నడిచి ఇల్లు చేరారు. వాళ్లున్న వీధి ఒక్కసారి చూడాలని మా మామయ్యకి ఎప్పటి నుంచో కోరిక. ఆయనకి వద్దని చెప్పడం నాకు చాలా కష్టమైంది, అయినా చెప్పాను.

ఎందుకంటే బర్మా కథ వేరు. అక్కడి సైనిక ప్రభుత్వం 1996ని పర్యాటక సంవత్సరంగా ప్రకటించి, టూరిస్టులకి అందంగా కనబడాలని మాండలే కోట చుట్టూ ఉన్న కందకాన్ని జనం చేత వెట్టిచాకిరీగా శుభ్రం చేయించింది. సైనిక పాలన మీద పోరాడిన నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ అప్పట్లో "ఇప్పుడు మా దేశానికి రావద్దు" అని ప్రపంచాన్ని కోరింది. పదిహేనేళ్లు గడిచాక ఆమె పార్టీయే ఆ మాట సడలించింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుని ఆమెనే నిర్బంధించింది. వ్యాపారాల్లో పెద్ద భాగం సైన్యం కంపెనీలవి. 2024 నుంచి కుర్రాళ్లని బలవంతంగా సైన్యంలో చేర్చుకుంటున్నారు. 2025 మార్చి 28న భూకంపం వచ్చి మాండలే, సగైంగ్ కూలిపోయాక కూడా ఊళ్ల మీద విమానాలతో బాంబులు వేయడం ఆపలేదు. అక్కడ మనం ఇచ్చే రూపాయి ఆ బాంబు దాకా వెళ్లదని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. "మీ తాతగారి వీధి ఎక్కడికీ పోదు మామయ్యా, ఈ ప్రభుత్వం పోయాక నేనే తీసుకెళ్తాను" అన్నాను. ఆయన నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

వియత్నాంలో పాలన కఠినమే గానీ సొంత ఊళ్ల మీద బాంబులు వేయడం లేదు. హోటళ్లు, పడవలు, హోటల్ భోజనాలు చాలావరకు మామూలు కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. డబ్బు ఎవరికి ఇవ్వాలో ఎంచుకునే వీలు మనకి ఉంది. నాకు ఆ వీలే ముఖ్యం.

హో చి మిన్ సిటీ (పాత పేరు సైగాన్) గురించి ఎక్కువ చెప్పను. ఊరు నడిబొడ్డున రెక్స్, మెజెస్టిక్, కాంటినెంటల్ లాంటి పాత పేరున్న హోటళ్లు ప్రభుత్వ సంస్థ సైగాన్‌టూరిస్ట్‌వి. మేం వాటి జోలికి పోకుండా సందులో ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్లో దిగాం. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇబ్బందే. గదులు శుభ్రం, ఇంటావిడ మాటతీరు బాగుంది. శాకాహారులు 'చాయ్' అని రాసిన బోర్డు వెతుక్కోండి. అంటే పూర్తి శాకాహారం అని. ఆ బోర్డు లేని చోట కూరగాయల్లోనూ చేపలతో చేసిన సాస్ పోస్తారు. నోట్లు చూసి కంగారు పడొద్దు, ఐదు లక్షల డాంగ్ నోటు మన డబ్బుల్లో రెండు వేల లోపే. ఆటోకి బదులు గ్రాబ్ యాప్ వాడితే బేరం టెన్షన్ ఉండదు.

యుద్ధ అవశేషాల మ్యూజియం తప్పకుండా చూడండి. యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనం బాధితుల ఫొటోల ముందు మా బృందంలో ఒకావిడ నిలబడలేక బయటికి వెళ్లి కూర్చుంది. అమెరికా చేసింది అక్కడ దాచకుండా ఉంది. 1975లో యుద్ధం ముగిశాక ఓడిపోయిన దక్షిణ వియత్నాంవాళ్లని తీసుకెళ్లి పెట్టిన శిబిరాలు, పడవలెక్కి సముద్రంలో పడి పారిపోయిన లక్షల మంది సంగతి మాత్రం ఆ గోడల మీద కనబడదు. అది తెలుసుకునే లోపలికి వెళ్లండి. యుద్ధంలో గెరిల్లాలు దాక్కున్న కూచి సొరంగాల దగ్గర డబ్బు కట్టి తుపాకీ పేల్చే ఏర్పాటు ఉంది. అంత మంది చచ్చిపోయిన నేల మీద ఆ సరదా నాకు నచ్చలేదు, మావాళ్లెవరినీ వెళ్లనివ్వలేదు.

అక్కడి నుంచి బెన్‌చే. సుమారు రెండు గంటల ప్రయాణం. మీథో దాటాక రాక్ మియూ వంతెన ఎక్కితే కింద మెకాంగ్ పాయ, అవతల ఒడ్డున కనుచూపు మేర కొబ్బరి చెట్లు. ఎదుర్లంక వంతెన మీద ఉన్నట్టే ఉందని బస్సులో ఒకేసారి నలుగురు అన్నారు. వియత్నాంలో కొబ్బరి అంటే బెన్‌చేయే. 2025 జూలైలో ప్రావిన్సులు కలిపేసి దాన్ని విన్‌లాంగ్‌లో చేర్చారు గానీ జనం పాత పేరే అంటున్నారు.

మేం ఉన్నది పంట కాలువ ఒడ్డున ఒక రైతు ఇంట్లో. ఊరి పేరు, ఆయన పేరు రాయను, కారణం మీకే తెలుస్తుంది. గది కొబ్బరి కలపతో కట్టింది. దోమతెర, ఫ్యాను, బయట ఊయల మంచం. బాత్రూం ఇరుకు. ఇంటి పక్కన వరసగా వాననీళ్ల కాగులు. ఎండాకాలంలో సముద్రపు నీరు కాలువల్లోకి ఎగదన్నుతుందట. 2016లో, 2020లో తాగునీళ్లకీ కష్టమైపోయింది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉప్పు బోర్లు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మార్చి, ఏప్రిల్ మానేసి డిసెంబరు, జనవరిలో వెళితే మంచిది.

వెళ్లగానే ఆయన మా పాస్‌పోర్టులన్నీ అడిగి తీసుకుని, దీపం కింద కూర్చుని ఒక్కొక్కటీ ఫోన్లో ఫొటో తీసి పోలీసుల వెబ్‌సైట్లో ఎక్కించాడు. విదేశీయులు ఎవరింట పడుకున్నా చెప్పి తీరాలి. మన దగ్గరా హోటళ్లు ఫారం సి నింపుతాయి, అది మామూలే. కానీ ఆయన ఒక్కో పేరు మూడుసార్లు సరిచూసుకున్న తీరు నాకు గుర్తుండిపోయింది. మేం ఏం చేసినా, ఏం మాట్లాడినా జవాబు చెప్పాల్సింది ఈయనేనని ఆ రాత్రి నాకు బాగా అర్థమైంది.

మర్నాడు తోట తిప్పాడు. పెరట్లో నేలలో పాతిన ఇనుప గునపం, దాని మీద కాయ పొడిచి రెండు మెలికల్లో డొక్క ఊడదీశాడు. మా ఒలుపు పనివాడి చెయ్యి కూడా సరిగ్గా అలాగే తిరుగుతుంది. ఒక చెట్టు దగ్గర ఆగి కింది మట్టలు చూపించాడు. ఆకు అడుగున గూడు కట్టి పచ్చదనమంతా గీకేసింది, మట్ట కాలినట్టు ఎండిపోయింది. నల్లతల గొంగళి. బెన్‌చేలో 2020లో దిగిందట. నేను నా ఫోన్లో మా తోటలో తెల్లదోమ పట్టిన మట్టల ఫొటోలు చూపించాను. అనువాదం యాప్ పెట్టుకుని గంటసేపు పురుగుల మీద మాట్లాడుకున్నాం. బదనికలు (ఆ పురుగుని చంపే చిన్న కీటకాలు) వదిలాం అన్నాడు, మేమూ వదిలాం అన్నాను. ధర అడిగితే చైనాకి పచ్చికాయలు పంపే ఒప్పందం 2024 ఆగస్టులో కుదిరాక పుంజుకుందన్నాడు. మన అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర అడిగి లెక్క కట్టుకుని నవ్వాడు. యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ గంట.

ఆ మధ్యాహ్నం పడవలో మాత్రం మా బృందంలో ఒకాయన, మంచివారే, గైడు అమ్మాయిని పట్టుకుని "మీ ప్రభుత్వం ఎలాంటిదమ్మా? నీకు ఓటుందా? జైళ్లలో వేస్తారట కదా?" అని మొదలుపెట్టారు. ఆ అమ్మాయి నవ్వింది. ఒడిలో ఉన్న ఫోను బోర్లా పెట్టి, ఒడ్డున ఉన్న నీటికొబ్బరి పొదలు చూపించి వాటి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వదల్లేదు. పడవ నడిపేవాడు వింటున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారూ, మనం రేపు విమానం ఎక్కేస్తాం. ఈ పిల్ల ఇక్కడే ఉండాలి కదండీ" అన్నాను. ఆగారు. సైబర్ భద్రత చట్టం 2019 జనవరిలో అమల్లోకి వచ్చింది, ఫేస్‌బుక్ రాతకే జైలుకి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లంతట వాళ్లు చెబితే శ్రద్ధగా వినాలి. మన ఆసక్తి తీరడానికి వాళ్ల చేత చెప్పించకూడదు. చెప్పినది ఫొటోతో, పేరుతో ఫేస్‌బుక్‌లో పెట్టడం ఇంకా తప్పు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం తిరుగు ప్రయాణంలో బస్సులో విన్న మాటలు. "రోడ్లు చూశారా? ఒక్క ధర్నా లేదు, ఒక్క బంద్ లేదు. మన దేశానికీ ఇలాంటి పాలనే కావాలండీ." ఒకరు అంటే పదిమంది ఆయ్ అన్నారు. వాళ్లలో ఇద్దరు 2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు నాతోపాటు చేను బీడు పెట్టినవాళ్లే. ఆ ఏడు సార్వాకి నారు పోయకుండా, గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు పూడిపోయాయి అని వేల ఎకరాలు వదిలేశాం. దేశమంతా పత్రికలు రాశాయి, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మనం అడిగినవన్నీ రాలేదు, అయినా ఎవరినీ ఎనిమిదేళ్లు లోపల వేయలేదు. బెన్‌చే జనం కూడా నోరులేనివాళ్లు కాదు. 1960 జనవరిలో అప్పటి సైగాన్ ప్రభుత్వం మీద తిరగబడింది ఆ కొబ్బరి తోటల్లోనే, న్యుయెన్ తి దిన్ అనే మహిళ ముందు నడిచింది. ఇవాళ అక్కడ ధర్నా కనబడలేదంటే కష్టం లేదని కాదు అర్థం. బస్సులో నేను ఇదంతా గట్టిగానే చెప్పాను. కొందరికి కోపం వచ్చింది.

బయటినుంచి వచ్చినవాడికి ప్రశాంతత ఎలా కనబడుతుందో మనకీ తెలుసు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద అల్లర్లయ్యాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్ల మీదకి చేరి, అవతల జిల్లా సిగ్నల్ కోసం తిప్పలు పడ్డారు. ఆ వారం దిండిలో హౌస్‌బోట్ ఎక్కినవాడికి చల్లగాలి, కొబ్బరి నీడ, ఎంతో ప్రశాంతం. తేడా ఏమిటంటే ఆ కుర్రాళ్ల ఫొటోలు మర్నాడు పేపర్లో వచ్చాయి, జనం ప్రభుత్వాన్ని తిట్టారు, ఎవరూ దాక్కోలేదు.

డెల్టాలోనే మరో ఊరు కాన్‌థో సంగతి క్లుప్తంగా. కైరాంగ్ తేలే సంతకి తెల్లవారకముందే వెళ్లాలి. ప్రతి పడవా అమ్మే సరుకుని పొడవాటి గెడ కొసన కట్టి నిలబెడుతుంది, అనాసో గుమ్మడో దూరం నుంచే తెలుస్తుంది. రోడ్లు పడ్డాక పడవలు బాగా తగ్గాయి, టూరిస్టు పడవలే ఎక్కువ. పెద్దగా ఊహించుకుని వెళితే నిరాశే. అక్కడ మేం బుక్ చేసుకున్న హోటల్ ఫొటోల్లో ఉన్న గది ఇవ్వలేదు. కిటికీ లేని గది ఇచ్చి, గట్టిగా అడిగితే మార్చారు. ముందే కిటికీ ఉందా అని అడిగి రాయించుకోండి.

మలికిపురం నుంచి సంక్రాంతి తర్వాత ఒక బృందం బయల్దేరుతోంది, తీసుకెళ్లే ఆయన మొన్న ఫోన్ చేసి సలహా అడిగారు. సైగాన్‌లో రెండు రాత్రులు చాలు, మిగతావి బెన్‌చేలో రైతుల ఇళ్లలో పెట్టుకోమన్నాను. గదికి డబ్బు ఏజెంటు చేతికి కాకుండా నేరుగా ఇంటివాళ్లకే ఇచ్చే ఏర్పాటు చూసుకోమన్నాను. విమానాశ్రయంలోనే అందరినీ కూర్చోబెట్టి, గైడుని రాజకీయాలు అడగొద్దని చెప్పమన్నాను. ఆ రైతు ఫోన్ నంబరు ఇచ్చాను, తెల్లదోమకి మనం వాడే వేపనూనె మోతాదు రాసిన కాగితం కూడా ఆయనకి అందజేయమని పంపుతున్నాను.